ఆయ్తు

సోమవారం పొద్దున కెంచనహళ్ళి డెయిరీ వెనకాల మురిక్కాలవ తెల్లగా పారింది. ఊళ్ళో కుక్కలన్నీ అక్కడే చేరాయి. వాచ్‌మన్ కర్ర పట్టుకుని అదిలిస్తున్నాడు గానీ ఎన్నింటినని అదిలిస్తాడు? చీకటితో లేచి ఊరూరా పితికి, క్యాన్లకెత్తి, లారీల్లో కుదుపులు తిని వచ్చిన పాలు. ఒక ట్యాంకు నిండా పాలు కళ్ళముందే కాలవపాలయ్యాయి. 

షిఫ్టు సూపర్‌వైజరు శివనంజప్ప కాలవ గట్టున చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.  ఆ పాలను ట్యాంకులోకి వదిలిన చెయ్యి ఆయనదే.

పాలు రాకముందు పైపుల్ని సోడా నీళ్ళతో కడుగుతారు. బట్టలుతికే సోడా కాదు, వేలు పెడితే తోలు ఊడే ఘాటు సోడా. కడగడం అయ్యాక ఆ నీళ్ళ వాల్వు మూసి, ఆ తరవాతే పాలు వదలాలి. ఇవాళ వాల్వు మూయకముందే పాలు వదిలారు. సోడా నీళ్ళు ట్యాంకులో కలిశాయి. పరీక్ష గదిలో వనిత అనే అమ్మాయి పాలలో కాగితం ముంచి, దాని రంగు చూసి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల కాస్త బద్ధకించి ఉంటే ఆ పాలు ఎన్ని ఇళ్ళ కాఫీల్లోకి పోయేవో తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

మేనేజరు హెగ్డే వచ్చాడు. సముద్రం వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా, గొంతు ఎప్పుడూ పెంచడు.

"ఆ వాల్వు ఎవరు మూయాలి?"

"సాకమ్మ సార్."

"మూయకుండానే మీరు పాలెందుకు వదిలారు?"

"మూశావా అని అడిగాను సార్. ఆయ్తు అంది."

"అంటే అబద్ధం చెప్పిందన్నమాట."

శివనంజప్ప కాలవ వైపు చూశాడు. అవుననలేదు, కాదనలేదు. హెగ్డే దాన్ని అవుననే తీసుకున్నాడు.

ఈ ఆయ్తు సంగతి ఒక్క ముక్క చెప్పాలి. మనకి 'సరే' వేరు, 'అయిపోయింది' వేరు. ఈ కన్నడ నేల మీద రెండింటికీ ఆయ్తే. పని చెబితే ఆయ్తు, పని చేశాక ఆయ్తు, ఫోను పెట్టేసేముందు ఆయ్తు, ఎదుటివాడి సోది వినలేక లేచి పోవాలన్నా ఆయ్తు. నేనిక్కడికి కాపురానికొచ్చి తల నెరిసింది, ఇప్పటికీ ఏ ఆయ్తు ఏదో ఒక్కోసారి నాకే అంతుబట్టదు. పుట్టి పెరిగినవాళ్ళు మాత్రం ముఖం చూసి, చెయ్యి ఊపు చూసి పట్టేసుకుంటారు. ముఖం కనపడనప్పుడే వస్తుంది చిక్కు.

గురువారం విచారణ అన్నారు. సాకమ్మ ఇంకా కాంట్రాక్టు మనిషి. ఆమెను పర్మనెంటు చేసే కాగితం హాసన్ ఆఫీసులో హెగ్డే ఒక్క మాట కోసం కాచుకుని ఉంది. అబద్ధం చెప్పి ట్యాంకు పాలు పారబోయించిందని తేలితే ఆ కాగితం చెత్తబుట్టలోకి, సాకమ్మ ఇంటికి.

మధ్యాహ్నం కొళాయి దగ్గర శివనంజప్ప చేతులు కడుక్కుంటుంటే, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లతో సాకమ్మ ఎదురొచ్చి నిలబడింది. నలభై దాటిన మనిషి, బలమైన భుజాలు, మిషన్ల మోతలో అరిచి అరిచి గొంతు మొరటుబారింది.

"ఏం సార్, నేను మూశానని చెప్పానా?"

"ఆయ్తు అన్నావు కదమ్మా."

"ఆయ్తు అంటే సరే అని! పైపులో మిగిలిన నీళ్ళు కొట్టేసి మూద్దామనుకున్నా. గొట్టం చుట్టి తలెత్తేలోపు మీ పాలు దూకేశాయి."

"మూశావా అని అడిగితే ఎవరైనా సరే అంటారా?"

"మూశావా అని ఎప్పుడడిగారు? మూసెయ్ అన్నారు."

"అడిగాను."

"చెప్పారు."

కొళాయి కారుతూనే ఉంది. ఇద్దరిలో ఒక్కరూ కట్టెయ్యలేదు.

"పోనీలెండి, మంచె మీద కూర్చున్నవాళ్ళ మాటే చెల్లుతుంది" అంది సాకమ్మ.

"నోటికొచ్చినట్టు మాట్లాడకు."

"నోటికి రానిది ఎక్కణ్ణించి తెచ్చి మాట్లాడను సార్?"

అని కొళాయి తనే కట్టేసి, బూట్లు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

మంచె అంటే హెగ్డే వచ్చాక కట్టించిన ఇనప వేదిక. అంతకుముందు సూపర్‌వైజరు కిందే తిరిగేవాడు, పంపు పక్కనో ట్యాంకు పక్కనో నిలబడి మాట్లాడేవాడు. ఇప్పుడు మీటలన్నీ పైన ఒకచోట పెట్టి, ఎదురుగా కుర్చీ వేశారు. హెగ్డే చెడ్డవాడేం కాదు. మంచె మీంచి హాలంతా కనిపిస్తుంది, పని త్వరగా తెములుతుంది. శివనంజప్ప మోకాళ్ళకీ అది సుఖంగానే ఉంది. పంటకి కాపలా కాసే మంచెలా ఉందని కిందివాళ్ళు దానికా పేరు పెట్టారు.

మంగళవారం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చొక్కా విప్పి వంకీకి తగిలించి, శివనంజప్ప పెరట్లోకి చూస్తూ కేకేశాడు.

"గౌరీ, నీళ్ళు!"

"ఆయ్తు!" అని వంటింట్లోంచి భార్య గౌరమ్మ బదులు పలికింది.

తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి బచ్చలింట్లోకి వెళ్ళి, కాగులో చెంబు ముంచి నెత్తిన గుమ్మరించుకున్నాడు. డిసెంబరు చలి. ప్రాణం పోయినంత పనైంది. నీళ్ళు మంచుముద్ద. పొయ్యిలో నిప్పే లేదు.

"ఏమే! ఆయ్తు అన్నావు!"

గౌరమ్మ చేతిలో అవరెకాయల చేటతోనే వచ్చి గడపలో నిలబడింది. తడిసి వణుకుతున్న మొగుణ్ణి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఆయ్తు అంటే పెడతానని! గింజలు వలుస్తున్నాను, లేచి పొయ్యి రాజెయ్యొద్దూ?"

"కాగాయా అని అడిగితే ఆయ్తు అంటే ఏమనుకోవాలి?"

"కాగాయా అని ఎక్కడడిగారండీ? 'గౌరీ, నీళ్ళు' అన్నారు. అరిచారు. అడగనూ లేదు, పెట్టమని చెప్పనూ లేదు. గొడ్డుని అదిలించినట్టు ఒక్క మాట విసిరేశారు. ఈ మధ్య మీరింతే. 'గౌరీ, కాఫీ.' 'గౌరీ, చెప్పులు.' డెయిరీలో కూడా ఇలాగే అరుస్తారా ఏమిటి?"

శివనంజప్ప పళ్ళు టకటకలాడుతుంటే తువ్వాలు చుట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆమె పొయ్యి రాజేసి నీళ్ళు కాచి ఇచ్చింది. రాత్రి రాగిముద్ద, అవరెకాయల సారు వడ్డిస్తే మాట లేకుండా తిని లేచాడు. ముద్ద బాలేదా అని అడిగితే బాగుందన్నాడు. ఆమె నమ్మలేదు.

మర్నాడు మంచెక్కి ఆయన తన నోటిని తానే కనిపెట్టి చూశాడు. మీగడ తీసే యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. పాలు వేడెక్కే పలకల మధ్య నుంచి ఆవిరి లేస్తోంది. కింద సాకమ్మ నేల కడుగుతోంది, మెకానిక్కు మాదేవ పంపు మీద వంగున్నాడు. ఎవరి ముఖమూ కనపడదు, వీపులే.

"మాదేవా, పంపు!"

"ఆయ్తు సార్!"

ఏమిటి ఆయ్తు? బాగుచేశాడా, చేస్తాడా? అసలు తను అడిగిందేమిటి? పంపు ఎలా ఉందనా, ఆపమనా, వెయ్యమనా?  మళ్ళీ ఇంకోటి, "క్రీము!" అన్నాడు. ఎవరో కిందనుంచి ఆయ్తన్నారు. లారీ డ్రైవరు తలుపులోంచి తొంగిచూసి, "సార్, నా ట్రిప్పు ఇంకా..." అంటే ఈయన నోటి నుంచే వచ్చేసింది, "ఆయ్తు, ఆయ్తు." ఆ డ్రైవరు అడిగిందేమిటో పూర్తిగా విననైనా లేదు.

సోమవారం కూడా ఇంతే. 'మూశావా' అనలేదు. 'మూసెయ్' అనీ అనలేదు. "సాకమ్మా, వాల్వు!" అన్నాడు. అంతే. తనకి కావలసింది తను విన్నాడు, తనకి తోచింది ఆమె విన్నది.

కాఫీ వేళ మాదేవ పక్కన కూర్చుని, మామూలుగా అడుగుతున్నట్టు అడిగాడు.

"కిందికి నా మాటలు సరిగ్గా వినపడతాయా మాదేవా?"

మాదేవ గ్లాసు దించాడు. "ఇప్పుడడుగుతున్నారా సార్? దీపావళి ముందే చెప్పింది కదా సాకమ్మక్క. మోతలో మీ మాట వినపడి చావదు, పని చెప్పాలంటే కిందికి దిగొచ్చి చెప్పండని. అందరి ముందే చెప్పింది."

శివనంజప్పకి లీలగా గుర్తొచ్చింది. "నేనేమన్నాను?"

మాదేవ ఆయన ముఖంలోకి చూసి, మెల్లిగా నవ్వాడు.

"ఏమంటారు సార్? ఆయ్తు అన్నారు."

శివనంజప్ప చేతిలో కాఫీ చల్లారిపోయింది. సిగ్గేసింది ఆయనకి. ఆ సిగ్గు వెంటే భయం కూడా. ఉన్నదున్నట్టు చెబితే తప్పు తన మెడకి చుట్టుకుంటుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మెమో ఎరగడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ మోతలో ఆయన ఏమన్నాడో విన్న మూడో మనిషి లేడు.

గురువారం హెగ్డే గదిలో ముగ్గురే కూర్చున్నారు. హెగ్డే, రైతుల తరపు డైరెక్టరు తిమ్మేగౌడ, శివనంజప్ప. సాకమ్మని కూర్చోమంటే కూర్చోలేదు. ఇవాళ బూట్లు లేవు, ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. ఆమెను అలా చూస్తుంటే శివనంజప్పకి మనసు చివుక్కుమంది.

"సూటిగా అడుగుతాను" అన్నాడు హెగ్డే. "శివనంజప్పగారూ, వాల్వు మూశావా అని మీరు అడిగారు. ఆమె ఆయ్తు అంది. అవునా?"

సాకమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. వాదించడానికి కూడా ఆమెకి ఓపిక పోయినట్టుంది.

"లేదు సార్" అన్నాడు శివనంజప్ప.

"ఏది లేదు?"

"అడగలేదు సార్. మూయమనీ చెప్పలేదు. 'సాకమ్మా, వాల్వు' అని ఒక్క కేక పెట్టాను. ఆమె సరే అంది. నేను అయిపోయిందనుకుని మీట నొక్కాను. దిగి చూడలేదు."

"సోమవారం అడిగానన్నారు!"

"అడిగాననే అనుకున్నాను. అబద్ధం ఆడాలని కాదు. తలలో అనుకున్న మాటంతా నోట్లోంచి వచ్చేసిందనుకున్నాను సార్, వచ్చింది సగమే."

 సాకమ్మ తల తిప్పి ఆయన్నే చూస్తోంది.

"ఇంకోటి కూడా ఉంది సార్" అన్నాడాయన, ఆపితే మళ్ళీ ధైర్యం రాదన్నట్టు. "పైనుంచి అరిస్తే వినపడదు, దిగొచ్చి చెప్పమని ఈమె దీపావళి ముందే అడిగింది. ఆయ్తు అన్నాను. ఒక్కరోజూ దిగలేదు. ఆమె ఆయ్తు అబద్ధమైతే నాది అంతకన్నా పెద్ద అబద్ధం. ఆమెది ఒక్క నిమిషం ఆలస్యం. నాది నెలన్నర."

తిమ్మేగౌడ బల్ల మీద చరిచి పకపకా నవ్వాడు. "బాగా చెప్పావు నంజప్పా! మా ఇంటిది కొట్టానికి రేకులు వేయించమంటే నేను ఆయ్తు అని రెండు వానాకాలాలు గడిపేశాను. నన్ను కూడా విచారించండి హెగ్డేగారూ!"

హెగ్డే నవ్వలేదు. "మెమో మీ పేరున వస్తుంది."

"రానివ్వండి సార్."

సాకమ్మ మీద చర్య లేదన్నారు. పర్మనెంటు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. బయటికొచ్చాక వరండాలో ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంత చెబుతారని అనుకోలేదు సార్" అంది. ఆయన ఏం చెప్పాలో తోచక ఆయ్తు అనబోయి, నాలుక కరుచుకున్నాడు. అది చూసి ఆమెకి నవ్వొచ్చింది. సోమవారం తరవాత ఆమె నవ్వడం అదే మొదలు.

శుక్రవారం హాలు గోడ మీద బోర్డు వెలిసింది. ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. పని చేసే చోట ఆయ్తు అనే మాట వాడరాదు, ఇట్లు మేనేజరు. హెగ్డే స్వయంగా నిలబడి మేకులు కొట్టించి, అందరినీ పిలిచి చదివించాడు.

"అర్థమైందా?"

"ఆయ్తు సార్!" అన్నాడు మాదేవ మనస్ఫూర్తిగా.

హాలంతా ఘొల్లుమంది. పాపం, అతను వేళాకోళానికన్నది కాదు. నోటికి అలవాటైన మాట, ఎవరు మాత్రం ఏం చేస్తారు? హెగ్డే చెవులు ఎర్రబడ్డాయి. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సాయంత్రానికి ఎవరో ఖాళీ పాల ట్రేలు తెచ్చి ఆ గోడకే పేర్చారు. బోర్డు సగం మునిగింది.

శనివారం పొద్దున పైపులు కడిగే వేళకి శివనంజప్ప మంచె దిగాడు. మెట్ల కమ్మీ పట్టుకుని, మోకాలు నొక్కుకుంటూ దిగి, తడి నేల మీద జారకుండా నడిచి, సాకమ్మ పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఎంత కాలమైందో ఆ నేల తొక్కి. దగ్గరనుంచి చూస్తే వాల్వు పిడి వంగి ఉంది, బిగించాలంటే రెండు చేతులూ వేసి ఒళ్ళంతా వంచాలి. పైనుంచి అది కనపడదు.

"సాకమ్మా, నీళ్ళు పోయాక ఆ వాల్వు మూసి చెప్పు. నువ్వు చెప్పాకే పాలు వదులుతాను."

"ఆయ్తు" అంది ఆమె గొట్టం తిప్పుతూ.

ఆయన కదల్లేదు. తల వంచి, ఆమెకొక్కదానికే వినపడేట్టు అడిగాడు.

"అయిందా, అవుతుందా?"

సాకమ్మ పగలబడి నవ్వింది. "అవుతుంది సార్, అవుతుంది! పీకల మీద కూర్చోకండి." నీళ్ళు కొట్టేసి, రెండు చేతులా పిడి పట్టి బిగించి, నడుం నిమురుకుంటూ లేచింది. "ఇదిగో, అయింది. కళ్ళారా చూశారుగా? ఇక పోయి మంచెక్కండి."

అక్కడితో ఆగలేదది. కాసేపటికి ఆమె మాదేవ మీద ప్రయోగించింది. "పంపు ఆయ్తా? అయిందా, అవుతుందా?" మాదేవ లారీ డ్రైవర్ని పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి క్యాంటీన్లో ఇడ్లీ అడిగినవాడికి ఆయ్తు అన్న వంటవాడి మీద నలుగురూ కలిసి ఆ మాటే విసిరారు. మర్నాటికి వనిత తన పరీక్ష గది తలుపు దగ్గర నిలబడి వచ్చేపోయే ప్రతివాణ్ణీ అదే అడుగుతోంది. ఆయ్తు అన్నవాడు దొరికిపోయినట్టే. దొరికినవాడు సిగ్గుపడి అయిందో అవుతుందో నికరంగా చెప్పేదాకా వదిలేవాళ్ళు కారు. గట్టిగా చెప్పలేనివాడు ఇంకా కాలేదని ఒప్పుకోవడం మొదలెట్టాడు. పంపు ఇంకా కాలేదంటే ఎందుకు కాలేదని ఎవరో అడిగారు. వాషరు లేదన్నాడు మాదేవ. స్టోర్లో ఉందని ఇంకొకడన్నాడు. నాలుగు వారాలుగా నానుతున్న పని ఒక పూటలో తెమిలింది. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు, నేర్చుకుంటున్నామని అనుకోనూ లేదు. వేళాకోళం చేసుకుంటున్నామనుకున్నారు. ఇంట్లో కూడా గౌరమ్మ మొగుడి మీద పూటపూటకీ దీన్నే వాడుతోంది. ఆ పాఠం ఆమెకి ఎవరు నేర్పారో వేరే చెప్పాలా!

సోమవారం హెగ్డే అందరినీ మంచె కింద సమావేశపరిచాడు. పని మెరుగైందని గమనించాడు, బోర్డు వల్లనే అనుకున్నాడు. రెండు మంచి మాటలు చెప్పి, ఇంకేమైనా ఉందా అని అడిగాడు.

సాకమ్మ చెయ్యి ఎత్తింది. 

"సార్, నా పర్మనెంటు కాగితం సంగతి."

"ఆయ్తు, ఆయ్తు" అన్నాడు హెగ్డే వాచీ చూసుకుంటూ.

జనంలో ఎక్కడో కిసుక్కుమని నవ్వు పుట్టి చచ్చిపోయింది.  వద్దని శివనంజప్ప కళ్ళతో సైగ చేశాడు. సాకమ్మ చూసింది. చూసీ అడిగింది.

"అయిందా సార్, అవుతుందా?"

మీగడ యంత్రం కూడా ఆ పూట ఆపి ఉంది. హెగ్డే తలెత్తాడు. ఎదురుగా అందరి ముఖాలు, ఒక్క వీపూ లేదు. ఆయన గోడ వైపు చూశాడు. ట్రేల పక్కనుంచి తన బోర్డు మీద ఆఖరి ముక్క మాత్రం కనపడుతోంది, ఇట్లు మేనేజరు.

"ఇంకా కాలేదమ్మా" అన్నాడు. "పాల గొడవ తరవాత నేనే ఆపాను. నీ మీద తప్పు లేదని తేలాక కూడా... కదపలేదు."

మేనేజరు నోటి నుంచి అంత ముక్కుసూటి జవాబు వినడం అక్కడ ఎవరికైనా అదే మొదలు. సాకమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి ఎప్పుడవుతుంది సార్?" అంది మెల్లిగా.

హెగ్డే జేబులోంచి ఫోను తీశాడు. గదిలోకి వెళ్ళలేదు. అక్కడే నిలబడి హాసన్ ఆఫీసుకి కలిపాడు. సాకమ్మ పేరు చెప్పాడు, కాగితం ఇవాళే పంపమన్నాడు. అటువైపు మాట బయటికి వినపడుతోంది, నిద్రమొహపు గొంతు. "ఆయ్తు సార్, ఆయ్తు ఆయ్తు."

హెగ్డే ఫోను పెట్టెయ్యబోయాడు. వేలు మీట దాకా పోయి ఆగింది. మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు.

"అయిందా, అవుతుందా?" అన్నాడు.

 అటువైపు కుర్చీ జరిపిన చప్పుడు, బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించాయి. హెగ్డే ఫోను పెట్టెయ్యలేదు. కాగితం చేతికి తీసి, పేరు చదివి వినిపించేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.